డాబా మనదే గానీ…

వెస్ట్ మారేడ్‌పల్లిలో ఓ మూడంతస్తుల ఇంటి డాబా. మాఘమాసం, పొద్దున ఆరు దాటింది. కాళ్ల కింద గచ్చు ఇంకా చల్లగానే ఉంది. డాబా మధ్యలో పీట వేసి, చుట్టూ బంతిపూల రేకులతో పెద్ద ముగ్గు తీర్చారు. ఇత్తడి గంగాళంలో నీళ్లు, పక్కన పళ్లెంలో పసుపు, సున్నిపిండి. ఇంకో అరగంటలో పెళ్లికూతుర్ని తెచ్చి కూర్చోబెడతారు. పూల ముగ్గు నడుమ పసుపు చీరలో అమ్మాయి, చుట్టూ ముత్తయిదువలు, ఇదంతా నడినెత్తి మీది నుంచి కనిపించాలి. పెళ్లి వీడియో అక్కణ్ణుంచే మొదలవ్వాలని ఆమె మేనమామ నెల కిందటే చెప్పి పెట్టాడు.

మీరు డ్రోన్ ఎగరేసే తమ్ముడి పక్కన, నీళ్ల ట్యాంకును ఆనుకుని నిలబడ్డారు. అతని దగ్గర రెండు పెట్టెలున్నాయి. రెండూ మూసే ఉన్నాయి. ఫోన్ తీసి, డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపు తెరిచాడు. హైదరాబాద్ పటం మీద ఎరుపు, పసుపు మరకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆకుపచ్చ కోసం వేలితో పక్కకి జరుపుకుంటూ ఊరి పొలిమేరల దాకా పోవాల్సి వచ్చేట్టుంది.

"ఇగో, మనం ఈడున్నం. ఎర్రట్ల," అన్నాడు.

ఎందుకు ఎరుపో అర్థం కావాలంటే పడమటి పిట్టగోడ దగ్గరికి వెళ్లి చూడాలి. ఆ మేడల వెనకే బేగంపేట విమానాశ్రయం. 2008 మార్చిలో శంషాబాద్ మొదలైనప్పుడు మామూలు ప్రయాణికుల విమానాలు అటు తరలిపోయాయి కాబట్టి బేగంపేట మూతపడిందనే ఊళ్లో సగం మంది లెక్క. మూతపడలేదు. వైమానిక దళానికి, వీఐపీలకు, శిక్షణ విమానాలకు రన్‌వే ఇంకా పనిచేస్తూనే ఉంది. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల లోపలంతా రెడ్ జోన్. 5 నుంచి 8 దాకా ఎల్లో జోన్, అదీ నేల దగ్గర్నుంచే. 8 నుంచి 12 దాకా 200 అడుగుల ఎత్తు వరకు గ్రీన్, ఆ పైన ఎల్లో. ఇవేవీ తగలని చోట 400 అడుగుల దాకా గ్రీన్. ఎల్లోలో ఎగరేయాలంటే అక్కడి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ చూసేవాళ్ల అనుమతి కావాలి. రెడ్‌లో అయితే కేంద్ర ప్రభుత్వమే ఇవ్వాలి. పసుపు ఫంక్షన్ వీడియో కోసం కేంద్రానికి అర్జీ పెట్టుకునేవాళ్లు ఉండరు.

మేనమామ మెట్లెక్కి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. పట్టుపంచె కట్టుకుని, చేతిలో కాఫీ గ్లాసుతో ఉన్నాడు.

"ఏం బాబూ, ఇంకా పైకి లేపలా?"

"రెడ్ జోన్ సార్. ఇక్కడ లేపరాదు."

"మా ఇల్లు, మా డాబా. రోడ్డు మీద ఎగరెయ్యమన్లేదుగా! పైగా ఆ చిన్నది 249 గ్రాములేనంట, 250 లోపు వాటికి పర్మిషన్లే అక్కర్లేదంట. షాపతనే చెప్పాడు."

ఈ మాట మీరూ వినే ఉంటారు. ఊళ్లో డ్రోన్ కొన్న ప్రతి ఇంట్లోనూ వినిపించేదే. అందులో నిజం లేకపోలేదు. 250 గ్రాముల దాకా బరువున్నది నానో. దాన్ని ఎగరేయడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అక్కర్లేదు, మోడలుకు ఇచ్చే టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. షాపతను అక్కడితో ఆపేశాడు. అక్కర్లేనివన్నీ మనిషికీ మిషనుకూ సంబంధించినవి. చోటుకు మినహాయింపు లేదు. రెడ్ జోన్‌లో 249 గ్రాములదైనా 25 కిలోలదైనా ఒకటే. తమ్ముడు ఇంకోటి కూడా చూపించాడు. చిన్న పెట్టె తెరిచి రెక్కలకు తొడిగే ప్లాస్టిక్ గార్డులు, పెద్ద బ్యాటరీ బయట పెట్టాడు. జనం మధ్య ఎగరేసేటప్పుడు గార్డులు తొడగడం మంచి పనే, కానీ తొడిగితే 250 దాటుతుంది. పెద్ద బ్యాటరీ వేసినా అంతే. ఒక్కసారి దాటిందా, అది మైక్రో కిందికి వస్తుంది. సొంత సరదాకైతే మైక్రోకు కూడా పైలట్ సర్టిఫికెట్ అడగరు. డబ్బు తీసుకుని పెళ్లి షూట్ చేస్తే మాత్రం ఉండి తీరాలి.

మేనమామ ఏదో అనబోయాడు. అంతలో గాలిలో దడదడ మొదలైంది. పిట్టగోడ మీద కాకులు లేచిపోయాయి. బేగంపేట వైపు నుంచి ఓ హెలికాప్టర్ లేచి, మీ తలల మీదుగా, కాస్త ఉత్తరానికి వాలి వెళ్లింది. కిందున్న చక్రాలు కూడా స్పష్టంగా కనిపించేంత తక్కువ ఎత్తు. గంగాళంలో నీళ్లు వణికాయి. పూల ముగ్గులో ఒక పక్క రేకులు చెదిరిపోయాయి, పిల్లలు కేకలేస్తూ సర్దుతున్నారు. ఇంతసేపూ మీరు డ్రోన్ ఆడబోతుందనుకున్న ఎత్తులోంచే అది వెళ్లింది. హెలికాప్టర్ పైలట్‌కు 249 గ్రాముల బూడిదరంగు వస్తువు కనిపించదు. కనిపించేసరికి రెక్క మీద ఉంటుంది.

"సరేలే, ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు మేనమామ. గొంతు తగ్గింది.

మెట్ల గది పైకప్పు మీదికి నిచ్చెన వేశారు. ఓ పొడుగాటి కర్రకు చిన్న కెమెరా బిగించి, తమ్ముడి అసిస్టెంటు పైకెక్కి బోర్లా పడుకున్నాడు. కర్రను డాబా మధ్యలోకి చాచితే కెమెరా సరిగ్గా పీట మీదికి వచ్చింది. ఫోన్‌లో చూశారు కదా, పూల వలయం గుండ్రంగా, నిండుగా ఉంది. ముత్తయిదువల మీద డ్రోన్ గాలి కొట్టి కొంగులు ఎగిరే గొడవ లేదు, మంగళ వాయిద్యాల మీద గుయ్యిమనే రొద లేదు. నన్నడిగితే ఇంటి డాబా షాటుకు ఎప్పుడైనా కర్రే మేలు. కానీ ఆ మాట ముందే చెప్తే ఆర్డరు రాదు, "డ్రోన్ లేదా?" అంటారు.

మధ్యాహ్నం దాటాక అదే కారులో చేవెళ్ల బయలుదేరారు. సాయంత్రం వేరే జంటకు ప్రీ వెడ్డింగ్ షూట్ ఉంది. తమ్ముడు నడుపుతున్నాడు, ఫోన్‌లో మ్యాపు మీ చేతికిచ్చాడు. నీలం చుక్క కదులుతుంటే దాని కింద రంగులు మారుతున్నాయి. ఈ ఊరి ఆకాశానికి ఎన్ని కాపలాలో అప్పుడు తెలుస్తుంది. ఉత్తరాన హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాలు. సికింద్రాబాద్ నిండా కంటోన్మెంటు. ఆగ్నేయాన కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన ప్రయోగశాలలు. దక్షిణాన శంషాబాద్. మధ్యలో బేగంపేట. పోనీ ఏ చార్మినార్ మీదో, గోల్కొండ మీదో తీద్దామంటే ఆ కట్టడాలు భారత పురావస్తు శాఖవి, వాళ్లనూ అడగాలి. ట్యాంక్‌బండ్ బుద్ధుడి చుట్టూ డ్రోన్ తిప్పాలని ప్రతి పెళ్లికొడుకూ అడుగుతాడట. హుస్సేన్‌సాగర్ బేగంపేట ఎర్ర వలయంలోనే ఉంది.

ఇంతా చేసి ఇప్పుడున్న నిబంధనలు ఉదారమైనవే. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో బాంబులు వేశారు. ఆ దెబ్బతో చట్టం బిగుస్తుందనుకున్నారు అందరూ. నెల తిరక్కుండానే వచ్చిన ముసాయిదా రివర్సులో నడిచింది, ఆగస్టు 25న డ్రోన్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. 25 ఫారాలు ఐదయ్యాయి, 72 రకాల ఫీజులు నాలుగయ్యాయి. విమానాశ్రయం చుట్టూ 45 కిలోమీటర్లుండే ఎల్లో జోన్ 12కి తగ్గింది. పాత 45 లెక్కనైతే ఇప్పుడు మీరు వెళ్తున్న చేవెళ్ల కూడా పసుపే. కాగితం మీద పట్టు సడలించి మ్యాపు మీద గీతలు కచ్చితం చేశారు. అది నాకు సబబుగానే అనిపిస్తుంది. కాకపోతే ఆ సడలింపు ఫలం పల్లెకు దక్కినంతగా పట్నానికి దక్కలేదు. అదే ఏడాది సెప్టెంబర్ 11న మందుల్ని డ్రోన్ల మీద పంపే పథకానికి వికారాబాద్‌లో శ్రీకారం చుట్టారు, మనం పోతున్న ఈ రోడ్డు చివర్న.

అప్పా జంక్షన్ దాటాక చెట్లు మొదలయ్యాయి. కుడివైపు గండిపేట చెరువు నీళ్లు మెరిశాయి. "ఆ అవతలనే జన్వాడ," అని నవ్వాడు తమ్ముడు. తెలంగాణలో డ్రోన్ మాటెత్తితే జన్వాడ రాకుండా ఉండదు. అక్కడి ఫాంహౌస్ మీద డ్రోన్ ఎగరేయించారన్న కేసులో 2020 మార్చిలో అప్పటి ఎంపీ రేవంత్ రెడ్డి అరెస్టయి చర్లపల్లి జైలుకు వెళ్లారు, హైకోర్టు బెయిలిచ్చాక బయటికొచ్చారు. ఇప్పుడాయన ముఖ్యమంత్రి.

చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల సంగతి వేరే చెప్పాలా? రెండు వైపులా ఊడలు దిగి, పైన కొమ్మలు కలిసిపోయి ఉంటాయి. తమ్ముడు రోడ్డు మీద ఆగలేదు. లారీల మీద, బైకుల మీద డ్రోన్ ఆడించడం తనకు ఇష్టం లేదట. లోపలికి తిరిగి ఓ కంది చేను గట్టున ఆపాడు. మళ్లీ మ్యాపు. ఆకుపచ్చ. అంతటితో వదల్లేదు, ఆ రోజుకు కొత్తగా ఏదైనా నోటిఫికేషన్ పెట్టారేమోనని కిందికి జరుపుతూ చూస్తున్నాడు. ఎగరేసే ముందు డిజిటల్ స్కైలో చూసుకోవడం పైలట్ బాధ్యత అని నిబంధనల్లోనే ఉంది. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఎవరైనా ఒక ప్రాంతాన్ని 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ చేసేయొచ్చు. నిన్న ఆకుపచ్చగా ఉన్న చేను, ఇవాళ పక్క ఊరికి పెద్దమనిషి వస్తున్నాడంటే ఎర్రబడుతుంది. నగరంలో పోలీసు కమిషనర్లు విడిగా జారీ చేసే నిషేధపు ఉత్తర్వులూ ఉంటాయి. అవి పేపర్లో పడతాయి, మ్యాపులో వెతికితే ఉండకపోవచ్చు. అందుకే అతను ముందే లోకల్ స్టేషన్‌కు ఓ ఫోన్ కొట్టి చెప్పాడు. గ్రీన్ జోన్‌లో అనుమతి అక్కర్లేదు. అయినా చెప్పి ఉంచితే, ఎవరో 100కి ఫోన్ చేసినప్పుడు కానిస్టేబుల్ మనల్ని చూసే చూపు వేరుగా ఉంటుంది.

గట్టు మీద ఓ పెద్దాయన వస్తున్నాడు. భుజాన తువ్వాల, చేతిలో కర్ర. చేను ఆయనదే. డ్రోన్ పెట్టె చూడగానే మొహం మారింది.

"ఏం సర్వే ఇది? రింగు రోడ్డుకా?"

రీజినల్ రింగ్ రోడ్డు భయం ఈ చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉంది. పైన ఏదో ఎగిరిందంటే కింద భూమి పోతుందని లెక్క.

"కాదు కాకా, పెండ్లి ఫొటోలు. వాళ్లే పిల్ల, పిలగాడు," అని కారు వైపు చూపించాడు తమ్ముడు. "నీ చేన్ల నుంచి లేపుత, నువ్వు సరే అంటేనే."

పెద్దాయన కారులో మేకప్ సరిచేసుకుంటున్న అమ్మాయిని చూసి నమ్మాడు. "కంది విరగ్గొట్టకుండ్రి," అని గట్టు మీదే కూర్చున్నాడు. ఆకాశానికి అనుమతి అక్కర్లేకపోయినా, కాలు పెట్టడానికి రైతు అనుమతి కావాలి. డాబా మీద మేనమామ వేసిన లెక్కకు ఇది పూర్తిగా వ్యతిరేకం.

ఇప్పుడు పెద్ద పెట్టె తెరుచుకుంది. 2020లో బిల్లుతో కొన్నది. నాలుగు చేతులూ టక్ టక్‌మని విప్పాడు. పొట్ట కింద తెల్లటి స్టిక్కరు మీద యూఐఎన్ నంబరు. బండికి రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నట్టే డ్రోన్‌కు ఇది ఉండాలి, రుసుము 100 రూపాయలు. ఆ నంబరు ఉత్త పెంకుకే కాదు, లోపలి ఫ్లైట్ కంట్రోల్ బోర్డు, చేతిలోని రిమోట్, వీటి సీరియల్ నంబర్లన్నిటికీ కలిపి ముడిపడి ఉంటుంది. జగదీశ్ మార్కెట్లో బోర్డు మార్పించుకుని ఊరుకుంటే కుదరదు, ఆ మార్పు పోర్టల్లో ఎక్కించాలి. చిక్కల్లా ఏంటంటే, రిజిస్టర్ చేయాలంటే ఆ మోడలుకు టైప్ సర్టిఫికెట్ ఉండాలి. పాతవాటికి, బిల్లూ పాత గుర్తింపు నంబరూ ఉన్నవాళ్లకు 2021లో ఓ వెసులుబాటు ఇచ్చారు, ఇతను అందులో దూరిపోయాడు. 2022 ఫిబ్రవరి 9 నుంచి, పూర్తిగా తయారై వచ్చే విదేశీ డ్రోన్ల దిగుమతి మీదే నిషేధం పడింది, రక్షణకూ పరిశోధనకూ తప్ప. విడిభాగాలు తెచ్చుకోవచ్చు. అయినా ఏ పెళ్లికి వెళ్లినా కొత్త మోడల్ చైనా డ్రోన్లు ఎగురుతూనే ఉంటాయి. ఎలా వచ్చాయని అడిగేవాళ్లు లేరు.

రెక్కలు ఒక్కొక్కటీ వేలిగోటితో తడిమి చూస్తున్నాడు. చిన్న పగులుంటే చాలు, పైన విరుగుతుంది. రిమోట్ తెర మీద ఉపగ్రహాల సంఖ్య ఏడు, పది, పద్నాలుగు. హోమ్ పాయింట్ పడిందని రిమోట్ ఆడగొంతుతో ఇంగ్లిష్‌లో చెప్పింది. సిగ్నల్ పోతే దానంతటది వెనక్కి వచ్చే ఎత్తును మర్రిచెట్ల కొన కంటే బాగా పైకి పెట్టాడు. అది తక్కువ పెట్టి నేరుగా కొమ్మల్లోకి తెచ్చుకున్నవాళ్లు లేకపోలేదు.

గుయ్యిమంటూ లేచింది. మీ కంటి ఎత్తున ఆగి ఊగుతోంది. కంది ఆకులు పడుకున్నాయి. పది సెకన్లు అలాగే ఉంచి, పుల్లలు అటూ ఇటూ ఆడించి చూశాక పైకి పంపాడు. 50 అడుగులు. 100. తెర మీద చేను చిన్న చాప అయింది, జంట రెండు రంగు చుక్కలైంది. 175 అడుగులంటే హైదరాబాద్‌లోని అంబేడ్కర్ విగ్రహం, పీఠంతో సహా. అక్కడికే మర్రిచెట్ల వరస అంతా తెర మీదికి వచ్చింది, సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడి ప్రతి చెట్టూ తన నీడను చేలోకి చాచుకుంది. ఇంకా ఎక్కితే ఇంకా బాగుంటుందనిపిస్తుంది. మీకే కాదు, అందరికీ. 380 దగ్గర ఆపేశాడు. 400 దాటితే అదే చేను మీద పచ్చరంగు పోయి పసుపు వచ్చేస్తుంది.

"గద్ద!" అరిచాడు అసిస్టెంటు.

ఒకటి కాదు, రెండు. కింది నుంచి గిరికీలు కొడుతూ ఎక్కుతున్నాయి. గద్దకు డ్రోన్ తన ఇలాకాలోకి చొరబడ్డ పక్షి. తెలియనివాళ్లు భయపడి కిందికి దించుతారు, గద్ద పని తేలికవుతుంది, అది పడేది పై నుంచే. తమ్ముడికి పైకి వెళ్లాలన్నా 20 అడుగులే మిగిలుంది. ఆ కాస్తా ఎక్కించి, పక్కకు వేగంగా లాగి, చెట్ల వరసకు దూరంగా చేలోకి తెచ్చాడు. తెర వైపు చూడ్డం మానేసి తలెత్తి నేరుగా డ్రోన్‌నే చూస్తున్నాడు. కంటికి ఆనేంత దూరంలోనే ఉంచాలని శిక్షణలో ఎందుకు నూరిపోస్తారో ఇప్పుడు తెలిసొస్తుంది. గద్దలు కాసేపు వెంటాడి చెట్టు మీదికి పోయాయి. దించేటప్పుడు కొమ్మ పక్కన ఏదో మెరిసింది. సంక్రాంతికి తెగిన మాంజా, ఊడల్లో చిక్కుకుని గాలికి ఆడుతోంది. అది రెక్కకు చుట్టుకుంటే మోటారు బిగుసుకుపోతుంది. చుట్టూ తిప్పి దూరంగా దించాడు.

కాకా దగ్గరికొచ్చి తెరలో తన చేను తానే చూసుకున్నాడు. "ఆ మూలకు నీళ్లు పోతలేవు," అన్నాడు. నిజమే, ఆ మూల పసుపెక్కి ఉంది. కింద నుంచి ఇన్నాళ్లూ కనిపించలేదు.

బ్యాటరీ చల్లారేలోపు తమ్ముడు పర్సులోంచి సర్టిఫికెట్ తీసి చూపించాడు. పద్ధెనిమిది నిండి, అరవై ఐదు దాటకుండా, పదో తరగతి పాసై, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపున్న సంస్థలో శిక్షణ తీసుకుంటే వస్తుంది. బేగంపేటలోని రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ కూడా నేర్పుతుంది. పదేళ్లు చెల్లుతుంది. ఒకప్పుడు లైసెన్సనేవారు, 2022 నుంచి సర్టిఫికెట్. "అందరు ఫైన్ గురించి అడుగుతరు. లక్ష దాంక," అన్నాడు. "ఫైన్‌తోని అయిపోతే మంచిదే. పోలీసోళ్లు వేరే సెక్షన్లు పెడితే స్టేషన్‌ల తిరగాలె." ప్రాణాలకు ముప్పు తెచ్చారని, ఉత్తర్వులు ధిక్కరించారని భారతీయ న్యాయ సంహిత కింద కేసులు వేరుగా ఉంటాయి. పక్క డాబా మీద స్నానం చేస్తున్న మనిషి కెమెరాలో పడిందో, అది ఇంకా పెద్ద కేసు. తిరుమల కొండ మీద ఎగరేసి దొరికినవాళ్ల వార్తలు మనం చదివినవే. వీళ్లలో చాలామంది గాల్లో దొరకరు. వీడియో తామే పెట్టుకుని, అది ఊరంతా తిరిగాక దొరుకుతారు.

ఈ మ్యాపు రాతిశాసనం కాదు. ఇక్కణ్ణుంచి ఇంకాస్త పడమటికి, వికారాబాద్ దామగుండం అడవిలో నౌకాదళం రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. అది పనిచేయడం మొదలుపెట్టాక ఈ దిక్కున ఆకుపచ్చ ఎంత మిగులుతుందో ఎప్పటికప్పుడు చూసుకోవాల్సిందే.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు. బొల్లారంలో పెళ్లి, ఫంక్షన్ హాలు, డ్రోన్ తప్పనిసరి. తమ్ముడు లొకేషన్ పంపమన్నాడు. వచ్చింది. మ్యాపులో పెట్టి చూసి మీకు చూపించాడు. హకీంపేట ఎరుపు, సందేహమే లేదు.

"డ్రోన్ రాదు సార్. మిలిటరీ ఏరియా. జిమ్మీ జిబ్ పెడ్దాం, క్రేన్ షాట్ మస్తు వస్తది."

"వేరే అతను లేపుతానంటున్నాడయ్యా. నీకంటే ఐదు వేలు తక్కువకి."

"లేపితే లేపనియ్యుండ్రి. ఆయన సర్టిఫికెటు, యూఐఎన్ నంబరు, ఇన్సూరెన్సు ఒక్కసారి వాట్సాప్‌ల పెట్టమనుండ్రి. పోలీసులొస్తే పీటల మీదికెళ్లి లేసొచ్చేది మీరే గద సార్."

అటు వైపు కాసేపు మాట లేదు. ఇంట్లో అడిగి చెప్తానని పెట్టేశారు. ఇలాంటి ఫోన్లలో సగం మళ్లీ రావని తమ్ముడే చెప్పాడు. చట్టం తెలిసినవాడికి ఆర్డరు పోతుంది, తెలియనివాడికి దొరుకుతుంది. రెడ్ జోన్ కంటే ఇదే అతన్ని ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. పెళ్లివారికి, ఫంక్షన్ హాలు ఓనర్లకు ఆ మ్యాపు ఒక్కసారి చూపించే ఏర్పాటు ఎవరూ చేయలేదు. హాలు బుకింగ్ రసీదు మీద 'ఇక్కడ డ్రోన్ నిషిద్ధం' అని ఒక్క లైను అచ్చేస్తే గొడవే ఉండదు.

రెండో బ్యాటరీ వేశాడు. జంట చెట్ల మొదట్లోకి నడుస్తున్నారు, అసిస్టెంటు లంగా అంచు సర్దుతున్నాడు. వెలుతురు ఇంకో ఇరవై నిమిషాలుంటుంది. తమ్ముడు మాత్రం భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, జిబ్ మనిషితో పదహారో తారీకు ఖాళీయేనా అని బేరమాడుతున్నాడు.